చేపల రోగానికి వైరస్ మందు: ఫేజ్‌లు ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ చేయవు?

భిలాయిలో ఆదివారం చేపల కోసం వెళ్తే ‘ఆంధ్రా చేప’ అనే మాట తప్పక వినిపిస్తుంది. ఐసు పెట్టెల్లో లారీల మీద వచ్చే బొచ్చె, శీలావతి చేపలకు ఇక్కడి దుకాణదారులు పెట్టుకున్న పేరు అది. ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ పేరులో సొంతూరి వాసన తగులుతుంది. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో మొదటి స్థానం. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే చేప తూర్పు, ఈశాన్య రాష్ట్రాల దాకా ప్రయాణిస్తుంది.

అంత చేపను పండించాలంటే చెరువులో చేపలను దగ్గర దగ్గరగా పెంచాలి. రద్దీగా ఉన్న చోట రోగం తొందరగా పాకుతుంది. ఒక్క వారంలో పంట సగం పోతే రైతుకు మిగిలేది మేత కొట్టు బాకీ. అందుకే చెరువు గట్టు మీద యాంటీబయాటిక్ సంచి కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఆ సంచికి బదులుగా శాస్త్రవేత్తలు మరో దాన్ని పరీక్షిస్తున్నారు. అది ఒక వైరస్. మనిషికి, చేపకు సోకదు, బ్యాక్టీరియాను మాత్రమే చంపుతుంది. దాని పేరు బ్యాక్టీరియోఫేజ్, పొట్టిగా ఫేజ్. చేపల సాగులో ఇది నిజంగా యాంటీబయాటిక్‌కు ప్రత్యామ్నాయం కాగలదా? ఎక్కడ అవుతుంది, ఎక్కడ కాదు?

చెరువులో వేసిన మందు ఎక్కడికి పోతుంది?

పశువుకు జబ్బు చేస్తే ఆ ఒక్క పశువుకే సూది వేయవచ్చు. చెరువులో అది కుదరదు. మందును మేతలో కలిపి అన్నిటికీ పెట్టాలి. అసలు రోగం వచ్చిన చేప మేత ముట్టదు కాబట్టి మందు ఎక్కువగా చేరేది ఆరోగ్యంగా ఉన్న చేపలకే. తినగా మిగిలిన మేతలోని మందు, చేప విసర్జించిన మందు నీటిలో, అడుగు బురదలో కలుస్తాయి.

ఆ బురదలో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో చాలావరకు ఏ రోగమూ కలిగించనివే. తక్కువ మోతాదు మందు రోజుల తరబడి తగిలితే, దాన్ని తట్టుకోగలిగినవి మిగిలి పెరుగుతాయి. పైగా బ్యాక్టీరియా తమ జన్యువులను ఇరుగుపొరుగుకు పంచుకోగలవు. చేపల బ్యాక్టీరియాలో పుట్టిన నిరోధక జన్యువు రేపు మనిషి పేగులోని బ్యాక్టీరియాకు చేరవచ్చు. చెరువులో వాడేదీ, ఆసుపత్రిలో వాడేదీ చాలాసార్లు ఒకే కుటుంబపు మందు కావడమే దీనిలో అసలు ప్రమాదం.

మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. దీనికి చేపల చెరువులే కారణమని కాదు. మనుషులు, పశువులు, కోళ్లు, చేపలు అన్నిచోట్లా జరిగిన వాడకం కలిసి తెచ్చిన ఫలితం అది. ఇందులో చేపల సాగు వాటా కూడా చిన్నదేమీ కాదు. 2017లో ప్రపంచ జలచరాల సాగులో సుమారు 10,259 టన్నుల సూక్ష్మజీవనాశక మందులు వాడారనీ, అందులో చైనా తర్వాత ఎక్కువ వాటా, దాదాపు 11 శాతం, భారత్‌దేననీ 2020లో వెలువడిన మరో అంచనా చెబుతోంది.

డబ్బు నష్టం కూడా ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి మందులను మన దేశంలో రొయ్యల సాగులో నిషేధించారు. అయినా ఎగుమతి సరుకులో వాటి అవశేషాలు అప్పుడప్పుడూ బయటపడుతూనే వచ్చాయి. దాంతో 2016లో ఐరోపా సమాఖ్య మన సాగు రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. మందు వాడని రైతు సరుకు కూడా ఆ తనిఖీల క్యూలో నిలబడాల్సి వచ్చింది.

గంగనీటి నుంచి త్బిలిసీ దాకా

ఫేజ్‌ల కథలో మన దేశానికి మొదటి నుంచీ చోటుంది. ఆగ్రాలో పనిచేసిన ఆంగ్లేయ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హాంకిన్ 1896లో ఒక వింత గమనించాడు. గంగ, యమున నీటిలో కలరా బ్యాక్టీరియా త్వరగా చచ్చిపోతోంది. అదే నీటిని మరిగిస్తే ఆ శక్తి పోతోంది. ఏదో ఉందని తెలిసింది, అది ఏమిటో తెలియలేదు. 1915లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ వేర్వేరుగా ఆ ‘ఏదో’ను పట్టుకున్నారు. బ్యాక్టీరియాను తినేది అనే అర్థంలో దానికి బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టింది డెరెల్. 1920ల చివర్లో ఆయన కలరా మీద ఫేజ్‌లను పరీక్షించడానికి మన దేశానికీ వచ్చాడు. ఆ తర్వాత అస్సాంలో పెద్ద ఎత్తున ప్రయోగాలు జరిగాయి.

పెన్సిలిన్ వచ్చాక పడమటి దేశాలు ఫేజ్‌లను దాదాపు మరచిపోయాయి. మరవనిది సోవియట్ యూనియన్. డెరెల్ మిత్రుడు జార్జి ఎలియావా 1923లో జార్జియా రాజధాని త్బిలిసీలో స్థాపించిన సంస్థ ఫేజ్ మందులను దశాబ్దాల పాటు తయారుచేసింది. 1937లో స్టాలిన్ పాలనలో ఎలియావాను కాల్చి చంపారు. సంస్థ మాత్రం నిలిచింది, ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. 1955లో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి యంత్రాలనూ ఇంజనీర్లనూ పంపిన ఆ దేశంలోనే, అదే కాలంలో గాయాలకు, విరేచనాలకు ఫేజ్ సీసాలు వాడేవారు. ఉక్కు పరిజ్ఞానం ఇక్కడిదాకా వచ్చింది. ఫేజ్ పరిజ్ఞానం రాలేదు. యాంటీబయాటిక్ చవగ్గా, తేలిగ్గా దొరికే రోజుల్లో దాని అవసరం ఎవరికీ తోచలేదు.

చంపే పద్ధతి

ఫేజ్ చాలా చిన్నది. చాలావాటి పొడవు మిల్లీమీటరులో పదివేలో వంతు దగ్గర ఉంటుంది. ఒక తల, ఒక తోక, తోక చివర కాళ్లలాంటి పోగులు. తల అంటే ప్రొటీన్ డబ్బా, దాని నిండా కుక్కిన డీఎన్ఏ. ఎంత గట్టిగా కుక్కి ఉంటుందంటే, ఫై29 అనే ఫేజ్‌లో ఆ ఒత్తిడి సుమారు 60 అట్మాస్ఫియర్లు ఉండవచ్చని 2001లో భౌతికశాస్త్ర పద్ధతులతో కొలిచారు. కారు టైరులో ఉండేది రెండు, మూడు అట్మాస్ఫియర్లే.

ఫేజ్‌కు ఈత రాదు, దారి తెలియదు. నీటి అణువులు అటూ ఇటూ నెడుతుంటే కొట్టుకుపోతూ ఉంటుంది. అలా తిరుగుతూ తనకు సరిపడే బ్యాక్టీరియాకు తగిలితే తోక పోగులు దాని ఒంటి మీది ఒక ప్రత్యేక అణువును గుర్తుపట్టి అతుక్కుంటాయి. తాళంలో తాళంచెవి పట్టినట్టు ఇది జరుగుతుంది. వెంటనే డీఎన్ఏ లోపలికి దిగుతుంది. అక్కడి నుంచి బ్యాక్టీరియా తన పని మానేసి ఫేజ్‌లను తయారుచేసే కర్మాగారంగా మారుతుంది. అరగంట, గంటలో పదుల నుంచి వందల కొద్దీ కొత్త ఫేజ్‌లు పుట్టి, బ్యాక్టీరియా గోడ పగలగొట్టుకుని బయటికొస్తాయి.

యాంటీబయాటిక్‌కూ దీనికీ రెండు పెద్ద తేడాలు ఇక్కడే ఉన్నాయి. యాంటీబయాటిక్ నీటిలో కలిసిన క్షణం నుంచి తగ్గుతూ పోతుంది, ఫేజ్ మాత్రం శత్రువు దొరికినంత కాలం పెరుగుతుంది. యాంటీబయాటిక్ మంచి, చెడు చూడకుండా చాలా రకాల బ్యాక్టీరియాను చంపుతుంది. ఫేజ్ ఒక్క జాతిని, చాలాసార్లు ఆ జాతిలో కొన్ని తెగలను మాత్రమే చంపుతుంది. అందువల్ల చేప పేగులో, చెరువు నీటిలో పనికొచ్చే బ్యాక్టీరియా బతికిపోతుంది.

ఫేజ్‌లు మనకు కొత్త కాదు. సముద్రపు నీటిలో ఒక మిల్లీలీటరుకు కోటి దాకా వైరస్‌లు ఉంటాయి, వాటిలో ఎక్కువ ఫేజ్‌లే. చెరువు నీటిలో, పెరుగులో, మన పేగులో కూడా ఉన్నాయి. ఇంతకాలం ఏ చేప తిన్నా దానితోపాటు ఫేజ్‌లనూ తింటూనే ఉన్నాం.

హ్యాచరీలో దొరికిన మంచి ఫలితం

ఫేజ్‌లను జలచరాల సాగులో గట్టిగా పరీక్షించిన భారతీయ ప్రయోగాల్లో ముఖ్యమైనవి రొయ్య పిల్లల మీద జరిగాయి. భీమిలి, ఉప్పాడ నుంచి నెల్లూరు దాకా తీరం వెంట హ్యాచరీలు నడిపేవారికి ‘మెరుపు రోగం’ అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. విబ్రియో హార్వేయి అనే బ్యాక్టీరియా తొట్టిలో పెరిగిపోతే రాత్రి చీకట్లో నీళ్లు పచ్చగా, నీలంగా వెలుగుతాయి. చూడ్డానికి అందంగా ఉంటుంది. తెల్లారేసరికి లక్షల పిల్లలు అడుగున పడి ఉంటాయి.

మంగళూరు మత్స్య కళాశాలలో ఇంద్రాణి కరుణాసాగర్, ఇడ్యా కరుణాసాగర్ బృందం ఈ బ్యాక్టీరియాను చంపే ఫేజ్‌లను వేరుచేసింది. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ప్రయోగశాలలో రోగం సోకించిన టైగర్ రొయ్య పిల్లల్లో ఫేజ్ వేసిన చోట 80 శాతం బతికాయి, వేయని చోట 25 శాతమే. 2007లో అదే బృందం హ్యాచరీ తొట్లలో పరీక్షించింది. ఫేజ్ వేసిన తొట్లలో 85 శాతానికి పైగా పిల్లలు బతకగా, మామూలుగా యాంటీబయాటిక్ వాడే తొట్లలో బతికినవి 65 నుంచి 68 శాతం. తొట్టి గోడలకు, పైపులకు జిగురులా పట్టుకునే బ్యాక్టీరియా పొరను కూడా ఆ ఫేజ్‌లు తగ్గించాయి. ఆ పొరలోకి యాంటీబయాటిక్ సరిగా చొరబడదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత తమిళనాడులోని పరిశోధకులు కూడా ఆగ్నేయ తీరపు రొయ్యల చెరువుల నుంచి విబ్రియోలను చంపే ఫేజ్‌లను సేకరించి, కొన్నిటిని కలిపిన మిశ్రమాలను పరీక్షించారు.

చేపల్లో మొదటి గట్టి ఆధారాలు జపాన్ నుంచి వచ్చాయి. 1990ల చివర్లో హిరోషిమా విశ్వవిద్యాలయానికి చెందిన తోషిహిరో నకాయ్ బృందం యెల్లోటెయిల్, అయు అనే సాగు చేపల్లో ఫేజ్‌లను సూదిగా, మేతగా ఇచ్చి మరణాలు తగ్గడం చూపింది. నార్వేలో సాల్మన్ చేపలకు సోకే యెర్సీనియా బ్యాక్టీరియా మీద, పోలండులో ఏరోమోనాస్, సూడోమోనాస్‌ల మీద ఫేజ్ ఉత్పత్తులు తయారయ్యాయి. ఈ ఏరోమోనాస్ మన కార్పు చేపల రైతులకూ బాగా తెలిసిన శత్రువే. ఒంటి మీద ఎర్రమచ్చలు, పుండ్లు, పొట్ట ఉబ్బడం, తోక కుళ్లడం వంటి లక్షణాల వెనక చాలాసార్లు అదే ఉంటుంది.

చెరువు లెక్క వేరు

హ్యాచరీ తొట్టిలో పనిచేసింది కదా, చెరువులోనూ పోసేస్తే సరిపోతుందా? ఇక్కడ కొంచెం లెక్క వేసి చూడాలి.

పది టన్నుల తొట్టి తీసుకుందాం. అందులో ప్రతి మిల్లీలీటరుకు 10 లక్షల ఫేజ్‌లు ఉండాలనుకుంటే మొత్తం 10 లక్షల కోట్ల ఫేజ్‌లు కావాలి. ప్రయోగశాలలో బాగా పెంచిన ద్రావణంలో మిల్లీలీటరుకు 1000 కోట్ల ఫేజ్‌లు ఉండవచ్చు. అంటే ఒక్క లీటరు చాలు. ఇప్పుడు ఒక ఎకరం చెరువు, ఐదడుగుల లోతు. నీళ్లు సుమారు 60 లక్షల లీటర్లు. అదే సాంద్రత రావాలంటే అదే ద్రావణం 600 లీటర్లు పోయాలి. కొల్లేరు పక్కన చెరువులు పదుల ఎకరాల్లో ఉంటాయి.

పోనీ, ఫేజ్ తనంతట తాను పెరుగుతుంది కదా, కొంచెం పోసి వదిలేస్తే? ఫేజ్‌కు ఈత రాదన్న మాట ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఫేజ్, బ్యాక్టీరియా ఎంత తరచుగా ఢీకొంటాయన్నది వాటి సాంద్రత మీదే ఆధారపడుతుంది. ప్రయోగశాలలో కొలిచిన మామూలు విలువలతో లెక్కేస్తే, మిల్లీలీటరుకు 10 కోట్ల ఫేజ్‌లు ఉన్నప్పుడు ఒక బ్యాక్టీరియాను ఏదో ఒక ఫేజ్ తాకడానికి సగటున 10 నిమిషాలు పడుతుంది. 10 లక్షలు ఉంటే సుమారు 17 గంటలు. 10 వేలే ఉంటే దాదాపు 70 రోజులు. అటువైపు నుంచి చూసినా అంతే. మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియా ఉన్న నీటిలో ఒక ఫేజ్‌కు ఒక బ్యాక్టీరియా తగలడానికి వారం పడుతుంది. ఈలోపు పై నీటిలో ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఫేజ్‌ను గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో పనికిరాకుండా చేస్తాయి. కొన్ని బురద రేణువులకు అతుక్కుని ఆగిపోతాయి. కొత్త ఫేజ్‌లు పుట్టే లోపే ఉన్నవి పోతే పెరుగుదల మొదలే కాదు.

కాబట్టి చెరువు నీళ్లన్నిటికీ మందు వేయాలనుకోవడం తప్పు దారి. బ్యాక్టీరియా కిక్కిరిసి ఉండే చోటికి, అంటే చేప దగ్గరికే ఫేజ్‌ను చేర్చాలి. అందుకు రెండు మార్గాలు కనిపిస్తున్నాయి.

ఒకటి మేత. గుళికల మేత మీద ఫేజ్‌ను నూనెతో పూతలా పట్టించవచ్చు. అది పొట్టలో ఆమ్లాన్ని తట్టుకుని పేగు దాకా చేరాలి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆంధ్రలో కార్పు చెరువుల్లో తవుడును చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి కర్రలకు కట్టి నీటిలో వేలాడదీసే పద్ధతి ఎక్కువ. చేపలు వచ్చి చిల్లుల దగ్గర తింటాయి. ఆ తవుడులో ఫేజ్ కలిపితే చేప నోటికంటే ముందు నీటిలోకే పోతుంది. నార్వే సాల్మన్ కోసం చేసిన పద్ధతిని తెచ్చి ఇక్కడ పెడితే సరిపోదని చెప్పడానికి ఈ సంచి ఒక్కటి చాలు.

రెండోది చేప ఒంటి మీది జిగురు. చేపను పట్టుకుంటే చేతికి జారే ఆ జిగురు దానికి మొదటి కవచం. ఫిన్లండులోని యివాస్కులా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఒక ఆసక్తికరమైన విషయం చూపారు. రెయిన్‌బో ట్రౌట్ చేపలను ముందుగా ఫేజ్ ఉన్న నీటిలో ఉంచితే, ఫేజ్‌లు ఆ జిగురుకు పట్టుకుని వారం రోజుల దాకా ఉన్నాయి, తర్వాత బ్యాక్టీరియా సోకినప్పుడు చేపలకు రక్షణ ఇచ్చాయి. అంటే పెద్ద చెరువులో వదలడానికి ముందు, పిల్లలను రవాణా చేసే తొట్టిలోనో, నర్సరీ చెరువులోనో ఫేజ్ స్నానం చేయించే వీలుంటుందన్నమాట. మన కార్పుల మీద ఇది ఎంతవరకు పనిచేస్తుందన్నది ఇక్కడి చెరువుల్లో పరీక్షించి తేల్చుకోవాల్సిన విషయం.

జాగ్రత్తలు

ఫేజ్‌లన్నీ మంచివి కావు. కొన్ని బ్యాక్టీరియాలోకి దూరాక దాన్ని చంపవు. తమ డీఎన్ఏను దాని డీఎన్ఏలో కలిపేసి తరతరాలు దాక్కుంటాయి. అంతకంటే ప్రమాదం, కొన్ని తమతో విష జన్యువులను మోసుకొస్తాయి. మనుషుల్లో కలరా విషాన్ని తయారుచేసే జన్యువు అసలు ఒక ఫేజ్‌దేనని 1996లో తేలింది. రొయ్యలకు రోగం తెచ్చే విబ్రియో హార్వేయిలోనూ అలాంటి ఫేజ్ ఒకటి దొరికింది. అది చేరాక సాధువైన తెగ కూడా ప్రాణాంతకంగా మారింది. అందుకే మందుగా వాడబోయే ప్రతి ఫేజ్ జన్యుక్రమాన్ని పూర్తిగా చదవాలి. దాక్కునే జన్యువులు, విష జన్యువులు, మందులను తట్టుకునే జన్యువులు ఏవీ లేవని నిర్ధారించుకున్నాకే బయటికి వదలాలి. ‘చెరువు నీళ్లలోంచి తీసిన సహజమైన మందు’ అని సీసా మీద రాసి అమ్మితే నమ్మకూడనిది ఇందుకే.

రెండో చిక్కు నిరోధకత. యాంటీబయాటిక్‌ను తట్టుకున్నట్టే బ్యాక్టీరియా ఫేజ్‌నూ తట్టుకోగలదు. ఫేజ్ పట్టుకునే అణువును మార్చేసుకుంటే తాళంచెవి పట్టదు. అయితే ఇందులో ఒక ఊరట ఉంది. ఆ అణువు చాలాసార్లు బ్యాక్టీరియా చేపకు అంటుకోవడానికో, విషం చిమ్మడానికో కూడా కావాల్సినదే. దాన్ని వదులుకుంటే బతుకుతుంది కానీ కోరలు పోతాయి. మంచినీటి చేపల్లో మొప్పలు కుళ్లించే ఫ్లావోబ్యాక్టీరియం కాలమ్‌నేర్‌లో ఫేజ్‌ను తట్టుకున్న తెగలు రోగం కలిగించే శక్తిని కోల్పోవడాన్ని ఫిన్లండు పరిశోధకులు చూశారు. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందన్న హామీ లేదు. అందుకే వేర్వేరు అణువులను పట్టుకునే మూడు, నాలుగు ఫేజ్‌లను కలిపి ఇస్తారు. ఒకేసారి అన్ని తాళాలూ మార్చుకోవడం బ్యాక్టీరియాకు కష్టం.

మూడోది, రోగం ఏమిటో ముందు తెలియాలి. ఫేజ్ బ్యాక్టీరియాను మాత్రమే చంపుతుంది. రొయ్యల్లో తెల్లమచ్చల వ్యాధి వైరస్ వల్ల వస్తుంది. పెరుగుదల ఆపేసే ఈహెచ్‌పీ ఒక సూక్ష్మ పరాన్నజీవి. కార్పు చెరువుల్లో చేప పేను కంటికి కనిపించే పురుగు. వీటిలో దేని మీదా ఫేజ్ పనిచేయదు. మాటకొస్తే యాంటీబయాటిక్ కూడా పనిచేయదు, అయినా తెలియక వేసేవారున్నారు. బ్యాక్టీరియానే కారణమైనా అది ఏరోమోనాసా, ఎడ్వర్డ్‌సియెల్లానా, అందులో ఏ తెగ అన్నది తేలాకే సరైన ఫేజ్ ఎంచుకోగలం. అంటే ఫేజ్ మందు కంటే ముందు రైతుకు అందుబాటులో పరీక్షా కేంద్రం ఉండాలి.

ఏం కావాలి?

మన దేశంలో జలచరాల రోగాలపై జాతీయ నిఘా కార్యక్రమం 2013లో మొదలైంది. చేపలు, పశువుల్లో మందులకు లొంగని బ్యాక్టీరియాను గమనించడానికి భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రయోగశాలల జాలం ఒకటి పనిచేస్తోంది. చివరి ఆయుధంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్ మందును ఆహారం కోసం పెంచే జీవాలకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది. ఏ చెరువులో ఏ బ్యాక్టీరియా ఉందో చెప్పే ఈ నమూనాలే రేపటి ఫేజ్ భాండాగారానికి పునాది. రోగకారక తెగను దాచిన చోటే దాన్ని చంపే ఫేజ్‌నూ దాచుకుంటే, రోగం వచ్చినప్పుడు వెతుకులాట రోజుల్లో ముగుస్తుంది.

నియమాలు కూడా కొత్తగా ఆలోచించాలి. మామూలు మందుకు ఒకసారి అనుమతిస్తే ఇరవై ఏళ్లు అదే సూత్రం. బ్యాక్టీరియా మారుతూ ఉంటుంది కాబట్టి ఫేజ్ మిశ్రమంలోనూ అప్పుడప్పుడు ఒకటి తీసి ఇంకొకటి పెట్టాలి. మారిన ప్రతిసారీ మొదటి నుంచి అనుమతి అడిగితే పని జరగదు, ఏమీ అడగకపోతే నకిలీలు నిండిపోతాయి. ఐరోపా మందుల సంస్థ 2023లో పశువైద్యంలో ఫేజ్ మందులకు ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. చేపల సాగులో ఇంత పెద్ద దేశమైన మనకూ అలాంటి స్పష్టత అవసరం.

ఛత్తీస్‌గఢ్‌కు ఇందులో ఒక అవకాశం ఉంది. పాత ఊళ్ల గొప్ప చెప్పేటప్పుడు ఇక్కడివారు ‘ఛై ఆగర్ ఛై కోరి’ చెరువులు అంటారు. కోరి అంటే ఇరవై, అంటే ఆరు ఇరవైల మీద ఆరు, మొత్తం 126 చెరువులు. ఇవి కొల్లేరు చెరువుల్లా చేపల కోసమే తవ్వినవి కావు. ఊరివాళ్లు స్నానం చేసేది, పశువులు దాహం తీర్చుకునేది, చేపలు పెంచేది అన్నీ ఒకే నీటిలో. అలాంటి చెరువులో పడిన యాంటీబయాటిక్ చేప దగ్గర ఆగదు. సాగు ఇంకా కిక్కిరియని ఈ దశలోనే పిల్లల నర్సరీల్లో ఫేజ్ స్నానం వంటి పద్ధతులను పరీక్షించి చూస్తే, ఆంధ్ర చెరువులు పడిన తిప్పలు ఇక్కడ తప్పించవచ్చు.

రైతు రేపటి నుంచి చేయగలిగినవి ఫేజ్ రాకముందే చాలా ఉన్నాయి. చెరువుకు తట్టుకోగలిగినన్ని పిల్లలనే వేయడం, పంటకూ పంటకూ మధ్య చెరువును ఎండబెట్టడం, పరీక్షించిన పిల్లలనే కొనడం, ఆక్సిజన్ పడిపోకుండా చూసుకోవడం, చేప చనిపోతే మందు కొట్టుకు కాకుండా ముందు పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లడం. ఫేజ్ వీటికి తోడు మాత్రమే. కుళ్లిన నీటిని ఏ వైరస్సూ బాగుచేయదు.

కొనేవారికి ఒక మాట. ఫేజ్ వాడిన చేప తినడానికి భయపడనక్కర్లేదు. ఫేజ్ మన కణాలకు సోకదు, కూర ఉడికే వేడికి నిలవదు. కొన్ని యాంటీబయాటిక్‌ల అవశేషాలు మాత్రం ఉడికించినా పూర్తిగా పోవు. అమెరికాలో తినడానికి సిద్ధంగా ఉండే మాంసం మీద లిస్టీరియాను చంపడానికి ఫేజ్‌లు చల్లేందుకు 2006లోనే అనుమతిచ్చారు.

ఇంతకీ ప్రత్యామ్నాయం అవుతుందా? రొయ్య హ్యాచరీ తొట్టిలో, చేపపిల్లల నర్సరీలో అయ్యేందుకు మంచి ఆధారాలున్నాయి, మొదలుపెట్టాల్సింది అక్కడే. పదెకరాల చెరువులో ఇప్పటికైతే కాదు. అక్కడికి చేరాలంటే మన మేతకు, మన ఎండకు, మన బ్యాక్టీరియాకు సరిపడే ఫేజ్‌లను మన చెరువుల నుంచే వెతికి తీయాలి. వాటిని ముందుగా వెతకాల్సింది రోగం పుట్టిన చెరువులోనే, ఎందుకంటే బ్యాక్టీరియా ఎక్కువగా పెరిగిన చోటే దాన్ని చంపే ఫేజ్ కూడా దొరుకుతుంది.